సమాధి వెతకబోయే మనవరాలికి

చిట్టితల్లీ,

డిసెంబరులో వస్తున్నావనీ, ఈసారి మీ అమ్మమ్మ వాళ్ళ నాన్నగారి సమాధి చూడకుండా తిరిగి విమానం ఎక్కనని పట్టుబట్టావనీ మీ అమ్మ చెప్పింది. నీకు ఆ బుద్ధి పుట్టినందుకు సంతోషం. సెలవులో రెండు రోజులు దీనికోసం అట్టేపెట్టావట. ఆ మాటకి మాత్రం నవ్వుకున్నాను. రెండు రోజుల్లో పని కావాలంటే, ఇప్పట్నుంచీ నువ్వు షికాగోలో కూర్చుని చేసుకోవాల్సింది చాలా ఉంది.

మా సంఘం సమాధుల తోట కమిటీలో నేను చాలా ఏళ్ళున్నాను కదా. పెద్దల సమాధులు వెతుక్కుంటూ హైదరాబాదు నుంచీ, బెంగుళూరు నుంచీ, మీ దేశం నుంచీ కూడా జనం వచ్చేవాళ్ళు. కారు దిగి గేటు దగ్గర నిలబడి "మా తాతగారి సమాధి ఎక్కడండీ?" అని అడిగేవాళ్ళు. ఏ సంవత్సరం పోయారమ్మా అంటే తెలీదు. ఏ ఊళ్ళో పోయారంటే "మా సొంతూరు ఫలానా" అనేవాళ్ళు. అడిగింది ఒకటి, చెప్పేది ఇంకొకటి. గంటసేపు ఎండలో రాళ్ళ మధ్య తిరిగి, గేటు ముందు ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు మాత్రం చేతిలో కాగితం ముక్కతో వచ్చేవాళ్ళు. అందులో తేదీ, వయసు, భూస్థాపన చేసిన అయ్యగారి పేరు ఉండేవి. వాళ్ళకి పూట తిరక్కుండా ఏదో ఒక ఆనవాలు దొరికేది. కనుక ముందు రాయిని వెతకడం మానేసి, ఆ చావుని వెతుకు. ఆయన ఏ రోజున, ఏ ఊళ్ళో, దేనివల్ల పోయారో తేలిందంటే సగం పని అయిపోయినట్టే.

ఊరి సంగతి ముందు చెబుతాను, అందరూ తప్పటడుగు వేసేది అక్కడే. ఆ రోజుల్లో శవాన్ని సొంతూరికి తెచ్చే వీలు ఎవరికుంది? ఐసుపెట్టెలు లేవు, వ్యాన్లు లేవు. పొద్దున పోతే సాయంత్రానికి మట్టి. గవర్నరుకే తప్పలేదు. సర్ థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోతే మద్రాసు తీసుకెళ్ళలేకపోయారు, దగ్గర్లోని గుత్తిలో పాతిపెట్టారు. 1831లో గాని ఆయన అస్థికలు మద్రాసు కోటలోని సెంట్ మేరీస్ చర్చికి చేరలేదు. మీ ముత్తాతగారిలాంటి మిషన్ బడి పంతులు కోసం అలా ఎవరు తవ్వి తెస్తారు? ఆయన ఎక్కడ పోయారో అక్కడే ఉన్నారు. ఆయన పుట్టిన ఊరూ కాదు, మీ అమ్మమ్మ పెరిగిన ఊరూ కాదు, చివరిసారి బదిలీ అయిన ఊరు ఏదో అది కావాలి మనకి. లేదా చివరికి చేర్పించిన ఆస్పత్రి ఉన్న ఊరు.

ఆస్పత్రి అన్నాను కాబట్టి ఇంకో మాట. గుంటూరు వైపు వాళ్ళయితే కూగ్లర్ ఆస్పత్రిలో పోయి ఉండొచ్చు. అది 1898 నుంచీ ఉంది. క్షయ అయితే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంకి పంపేవాళ్ళు. అది 1915లో మొదలైంది, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వెళ్ళేవాళ్ళు, అందరూ తిరిగి రాలేదు. కుష్ఠు అయితే సాలూరు, రామచంద్రపురం, బాపట్ల, నిజాం రాజ్యంలో డిచ్‌పల్లి. ఈ రెండు జబ్బుల పేర్లూ అప్పటి ఇళ్ళలో ఎత్తేవాళ్ళు కాదు. ఆడపిల్లలకి సంబంధాలు రావని భయం. "ఏదో విషజ్వరం" అనేసేవాళ్ళు, పిల్లలకి కూడా అదే చెప్పేవాళ్ళు. మీ అమ్మమ్మని అడిగినప్పుడు ఆమె ఆ చోట తడబడితే, మాట మార్చేస్తే, నువ్వు గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఆయనకి దగ్గు ఎక్కువగా ఉండేదా అమ్మమ్మా?" అని మాత్రం అడిగి ఊరుకో. తర్వాత ఎప్పుడో ఆమే చెబుతుంది.

ఆమెకి ఎనభై దాటాయి. అందుచేత మొట్టమొదటి పని ఆమెకి ఫోన్ చెయ్యడం. చర్చికి ఉత్తరాలు రాయడం ఆ తర్వాత. ఏ సంవత్సరం అని అడిగితే లాభం లేదు. ఆ తరం ఆడవాళ్ళకి ఏళ్ళు గుర్తుండవు, సంగతులు గుర్తుంటాయి. "మీ తమ్ముడు అప్పటికి పుట్టాడా? నడుస్తున్నాడా? యుద్ధం మొదలైందా? అప్పుడు మామిడికాయలు వచ్చాయా, మిరప కోతలా?" ఇలా అడుగు. వాటిని బట్టి ఏడాదీ, నెలా నువ్వే లెక్క కట్టుకోవచ్చు. వాళ్ళింట్లో పాత బైబిలు ఎవరి దగ్గరుందో కనుక్కో. ముందు ఖాళీ పేజీల్లో పుట్టుకలూ, పెళ్ళిళ్ళూ, చావులూ రాసుకోవడం మనవాళ్ళకి అలవాటు. పాత కీర్తనల పుస్తకం వెనక అట్టని కూడా వదలకు. కలిగిన ఇళ్ళలో పెట్టె చుట్టూ నిలబడి ఫోటో తీయించుకునేవాళ్ళు. అలాంటిది ఉంటే ముందు దాని వెనక్కి తిప్పి చూడు, స్టూడియో ముద్ర ఉంటుంది, ఊరు తెలిసిపోతుంది. మనుషుల ముఖాల మీద కన్నా వాళ్ళ వెనకున్న గోడ మీద, గోపురం మీద కన్నెయ్యి.

"గుంటూరు జిల్లాలో ఎక్కడో" అని మీ అమ్మ అంటోంది. ఎప్పటి గుంటూరు జిల్లా? ఆ జిల్లా ఏర్పడిందే 1904లో. అంతకు ముందు ఈ ఊళ్ళు చాలావరకు కృష్ణా జిల్లా. ఒంగోలు 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది, తర్వాత ప్రకాశం అయింది. నరసరావుపేట ఇప్పుడు పల్నాడు జిల్లా, బాపట్ల ఇప్పుడు వేరే జిల్లా, ఈ రెండూ 2022లో వచ్చినవి. మీ ముత్తాతగారి కాలంలో గుంటూరు జిల్లా అంటే ఒంగోలూ అందులోదే. ఇది చిన్న తేడా కాదు. గుంటూరు, నరసరావుపేట వైపు లూథరన్ మిషన్. ఒంగోలు, బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు. బందరు, బెజవాడ వైపు సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) వాళ్ళు, తర్వాత సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు. పల్నాడులో కేథలిక్కులూ ఎక్కువే. ఏ మిషన్ బడిలో పనిచేశారో తేలితే, ఏ చర్చి బీరువా తెరిపించాలో తేలుతుంది. కాగితాల్లో ఊళ్ళ పేర్లు పాత స్పెల్లింగుల్లో ఉంటాయి. బెజవాడ, ఎల్లూరు, కొకనాడ, మసులిపటాం, ఇవన్నీ రాసి దగ్గర పెట్టుకో. లేకపోతే కళ్ళ ముందున్న ఊరిని దాటిపోతావు.

ఇక నీకు కలిసొచ్చిన సంగతి. గుంటూరు లూథరన్ మిషన్‌ని 1842లో మొదలుపెట్టిన హయ్యరు అనే ఆయన అమెరికా నుంచే వచ్చాడు. ఆ మిషన్ వాళ్ళు ఏటేటా పంపుకున్న నివేదికలూ, ఉత్తరాలూ చాలావరకు అమెరికాలోనే ఉండిపోయాయి. లూథరన్ సంఘం ప్రధాన దస్తావేజుల భాండాగారం ఇల్లినాయిస్‌లో ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉంది. నీకు కారులో వెళ్ళొచ్చే దూరం! మేం ఇక్కడ చెదలు పట్టిన బీరువాల ముందు నిలబడుతుంటే, గుంటూరు పంతుళ్ళ జాడలు మీ ఇంటి పక్కన చల్లటి గదిలో ఉన్నాయి. బాప్టిస్టు అని తేలితే వాళ్ళ కాగితాలు అట్లాంటాలో ఉన్నాయి. సి.ఎం.ఎస్. వి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్నాయి. అందులో సమాధి గురించి రాసి ఉంటుందని ఆశపడకు. ఫలానా ఊరి బడి పంతులు ఈ ఏడాది మరణించాడని ఒక్క వాక్యం దొరికినా చాలు, ఊరూ ఏడాదీ రెండూ చేతికొచ్చేస్తాయి.

కంప్యూటరులో వెతికితే పాత దొరల సమాధుల జాబితాలు బోలెడు వస్తాయి. జూలియన్ కాటన్ అనే ఆయన 1905లో మద్రాసు రాజధాని అంతటా సమాధుల మీద రాతలు ఏరి పెద్ద పుస్తకం వేశాడు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు రాజధాని ఖనన రిజిస్టర్ల నకళ్ళున్నాయి. మంచివే, కానీ వాటిలో కనిపించేది దాదాపు అంతా దొరలూ, దొరసానులూ, వాళ్ళ సంతానమే. మన పంతుళ్ళ పేర్లు ఎక్కించే తీరిక ఎవరికీ లేకపోయింది. అక్కడ పేరు కనపడలేదని దిగులుపడి రోజులు పాడుచేసుకోకు.

చర్చిలో ఉండే భూస్థాపన రిజిస్టరే నీకు అసలైనది. పోయిన తేదీ, పాతిన తేదీ, పేరు, వయసు, వృత్తి, కారణం, కార్యక్రమం జరిపిన వారి సంతకం, ఇలా గడులుంటాయి. కేథలిక్కులవి పాతవైతే లాటినులో ఉంటాయి, భయపడకు, పేర్లూ అంకెలూ అర్థమవుతాయి. పేరు వెతికేటప్పుడు ఇంటిపేరు పట్టుకుని వేలాడకు. బాప్తిస్మపు పేరు ఒకటి, ఇంట్లో పిలుపు ఒకటి ఉండేవి. ఇంగ్లీషులో రాసినాయన తన చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. మీ ముత్తవ్వని కూడా ఎప్పటికైనా వెతకాలనుకుంటే, ఆమె పేరు అసలు ఉండకపోవచ్చు. "ఫలానా వారి భార్య" అనే ఉంటుంది. పసిబిడ్డలైతే "ఫలానా వారి బిడ్డ". నాకు ఆ రిజిస్టర్లు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. తొమ్మిది మందిని కని పెంచిన మనిషికి చివరికి ఒక గడిలో తన పేరు రాసుకునే చోటు లేకపోయింది.

సమాధి నంబరు రిజిస్టరులో సాధారణంగా ఉండదు. ఇక్కడే చాలామంది పుస్తకం మూసేస్తారు. నువ్వు ముయ్యొద్దు. వరుస సంఖ్య ఉంటుంది చూడు, అదే మన తాళంచెవి. ఆయనది ఆ ఏడాది 14 అనుకో. 11 నుంచి 17 దాకా ఎవరెవరివో అన్నీ రాసుకో. ఊరి తోటల్లో చాలావాటిలో వరుసగా పాతుకుంటూ పోయేవాళ్ళు. మన పంతులుగారికి రాయి లేకపోవచ్చు, కానీ 13వ మనిషి కలిగిన కాపు అయితే అతనికి రాయి ఉండొచ్చు. 16వ మనిషికీ ఉండొచ్చు. ఆ రెండు రాళ్ళూ దొరికితే వాటి మధ్యనున్న నేలలోనే ఆయన ఉన్నారు. కుటుంబాలు ముందే చోటు పట్టి పెట్టుకున్న పెద్ద తోటల్లో ఈ లెక్క చెదురుతుంది. పిల్లల్ని గోడవారగా వేరే వరుసలో పెట్టిన చోట ఆ సంఖ్యలు తీసేసి లెక్క చూడాలి. అయినా నేను చూసినంతలో ఇంతకన్నా నమ్మదగిన దారి లేదు. అందుకని ఫోటో తీస్తే ఒక్క పేజీ కాదు, ముందు రెండు, వెనక రెండు కలిపి తియ్యి.

రిజిస్టరు చూపించడం పాస్టరుగారి చేతిలో పని. ముందుగా ఉత్తరం రాయి, నువ్వెవరివో, ఎవరి మనవరాలివో, ఏ ఏడాదులు కావాలో వివరంగా. ఆదివారం ఆరాధన అయ్యాక జనం మధ్యలో పట్టుకుని అడగొద్దు. వారం మధ్యలో వెళ్ళు. క్రిస్మస్ వారం అసలే వద్దు. చర్చి రిజిస్టరు చెదలు తినేసిందంటే ప్రభుత్వం వైపు చూడాలి. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకి 1899లోనే చట్టం వచ్చింది. పల్లెల్లో మునసబులు రాసేవాళ్ళు. 1984లో ఆ ఉద్యోగాలు తీసేశాక ఆ పుస్తకాలు కొన్ని తాలూకా ఆఫీసులకి చేరాయి, కొన్ని ఎవరి అటకల మీదికి చేరాయో దేవుడికెరుక. పట్టణమైతే మునిసిపాలిటీలో అడగొచ్చు.

ఇంత చేసుకున్నాకే తోటలోకి అడుగుపెట్టు. నీకు కుదిరేట్టయితే డిసెంబరు కన్నా నవంబరు మొదటి వారం మేలు. నవంబరు 2న సమాధుల పండుగ చేసే సంఘాల్లో అప్పటికి గడ్డి కోసి, సర్కారు తుమ్మ కొట్టి, సున్నాలు వేసి ఉంచుతారు. మనవాళ్ళలో కొన్ని సంఘాలు ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో తోటకి వెళతాయి, అప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. ఆ రోజుల్లో వెళితే ఇంకో లాభం, ఊళ్ళో ముసలివాళ్ళందరూ అక్కడే ఉంటారు. ఎవరు ఎవరి సమాధి దగ్గర కూర్చున్నారో చూస్తే నీకు తోట పటం సగం తెలిసిపోతుంది.

క్రైస్తవ సమాధుల్లో తల పడమటికి, కాళ్ళు తూర్పుకి ఉంటాయి. పక్కనే ముస్లిముల ఖబరస్థాన్ ఉన్న ఊళ్ళలో వాళ్ళవి ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. గోడలు పడిపోయిన పాత చోట్ల హద్దు అలాగే పోల్చుకుంటాం. గుంటూరు నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఆ నేలలో ఇటుక సమాధి తిన్నగా నిలబడదు, పక్కకి ఒరుగుతుంది, కుంగుతుంది. అందుకే పైకి ఏమీ కనపడని చోట మనిషి పొడవున పల్లంగా ఉంటే ఆగి చూడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, ఎవరూ పెట్టకుండా అక్కడ మొలవని దేవగన్నేరు చెట్టు, ఇవీ ఆనవాళ్ళే. ఇనుప చువ్వతో గుచ్చి చూడటాలు, తవ్వించడాలు మాత్రం చెయ్యొద్దు. ఆ ఆలోచన వచ్చిన మగాళ్ళు మన బంధువుల్లో ఉన్నారు, నేను చెప్పానని చెప్పి ఆపు.

రాయి దొరికినా దాని కింద ఆయనే ఉన్నారని వెంటనే అనుకోకు. పడిపోయిన రాళ్ళని ఏరి గోడకి ఆనిస్తారు. రోడ్డు వెడల్పులో గోడ జరిగినప్పుడు రాళ్ళూ జరుగుతాయి. చోటు చాలని పట్టణాల్లో పాత గోతినే తెరిచి ఇంకొకరిని పెడతారు. అది అన్యాయం అనుకోవద్దు, ఆ మట్టి మీద బతికున్నవాళ్ళ ఒత్తిడి అలా ఉంది.

అక్షరాలు చదవడం ఒక విద్య. ఏటేటా వేసిన సున్నం పొరలు అక్షరాల గాడిలో నిండిపోయి ఉంటాయి. కత్తితో గీకొద్దు, ఇనుప బ్రష్షు వద్దు, యాసిడ్ అసలు వద్దు. నాపరాయి పొరలుగా లేచిపోతుంది, అక్షరాలతో సహా. మెత్తని బ్రష్షు, మంచినీళ్ళు, ఓపిక, అంతే. మిట్టమధ్యాహ్నం వెలుతురులో ఏమీ కనపడదు. పొద్దున ఏడింటికో, సాయంత్రం ఎండ వాలాకో చూడు. చిన్న అద్దం తెచ్చుకుని ఎండని పక్కనుంచి రాతి మీద పారేలా పట్టు, లేదా చీకటి పడే వేళ టార్చిలైటు రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యి. గాడులు నీడ పట్టి పైకి లేస్తాయి. పాత రాళ్ళ మీద తెలుగు అంకెలుంటాయి. నీకవి రావు గదా, నేర్చుకునే రా. అరిగిన రాతి మీద ౨కీ ౩కీ తేడా తెలియడం నాకే కష్టం. ఆ ఒక్క గీతతో పదేళ్ళు అటూ ఇటూ అయిపోవచ్చు.

గుంటలు తీసే మనిషిని మంచి చేసుకో. అతని తండ్రీ తాతా కూడా అదే తోటలో పనిచేసి ఉంటారు, రిజిస్టరులో లేనిది అతనికి తెలిసి ఉండొచ్చు. కానీ అడిగే తీరు ఉంది. నువ్వే ముందుగా పేరు చెప్పేసి "ఇదేనా?" అని అడిగావనుకో, అంత దూరం నుంచి వచ్చిన పిల్లని ఉసూరుమనిపించడం ఇష్టం లేక "ఇదేనమ్మా" అంటాడు. అబద్ధమాడే మనిషి కాకపోయినా అంటాడు. అందుకని "ఈ వరుసలో ఎవరెవరున్నారు బాబాయ్?" అని అడిగి, అతను చెప్పేది మొత్తం విను. డబ్బు అంతా అయ్యాక ఇవ్వు. ముందిస్తే ఆనవాళ్ళు ఎక్కువైపోతాయి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. అనుమానం ఉన్న చోట రాయి వెయ్యొద్దు. మీ మామయ్య ఇప్పటికే నల్ల గ్రానైటు గురించి, ఫోటో చెక్కించడం గురించి మాట్లాడుతున్నాడట. ఉత్సాహం మంచిదే. కానీ నువ్వు "బహుశా ఇక్కడే" అనుకుని కట్టిన సమాధి కింద ఇంకెవరో తల్లి ఉండొచ్చు. రేపు ఆమె మనవరాలు కూడా ఒక కాగితం ముక్క పట్టుకుని వస్తుంది. నీ గ్రానైటు చూసి ఇది కాదనుకుని వెళ్ళిపోతుంది. అలా పోగొట్టిన సమాధులు మా తోటలోనే ఉన్నాయి. చోటు కచ్చితంగా తేలితే కమిటీ అనుమతి తీసుకుని, ఉన్న కొలతలోనే చిన్న పలక పెట్టించు. వరుస మాత్రమే తేలి, చోటు తేలకపోతే గోడకి ఒక పలక వేయించు: ఈ తోటలో ఉన్నారని పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. అది అబద్ధం కాదు. మీ అమ్మమ్మ చెయ్యి పెట్టి తడమడానికి అదీ చాలు.

అసలు ఏదీ దొరక్కపోతే? దొరకలేదని రాసిపెట్టు. ఏ రిజిస్టర్లు చూశావు, ఏ ఏడాదుల పేజీలు లేవు, ఎవరిని అడిగావు, వాళ్ళేం చెప్పారు, అన్నీ తేదీలతో ఒక పుస్తకంలో రాసి రెండు నకళ్ళు తీసి, ఒకటి మీ అమ్మ దగ్గరుంచు. నీ తర్వాత వెతికేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టకుండా ఉంటారు.

ఈ వారంలోనే మీ అమ్మమ్మకి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్ర లేచాక, నాలుగింటి ప్రాంతంలో ఆమె మనసు తేటగా ఉంటుంది. పక్కన మీ మామయ్య లేనప్పుడు చెయ్యి, లేకపోతే ఆమె చెప్పే ప్రతి మాటకీ అతనే జవాబిస్తాడు. మాటలు ఫోన్లో రికార్డు చేసుకో, ఆమెకి చెప్పే చేసుకో. ఎల్క్ గ్రోవ్ వాళ్ళకి ఉత్తరం రాస్తే దాని నకలు నాకు పంపు. రిజిస్టరు పేజీలు ఏమైనా చేతికొస్తే అవీ పంపు, ఆ పాళీ కలం రాత నువ్వు చదవలేవు, నేను కూడబలుక్కుని చదివి పెడతాను. వచ్చేటప్పుడు మడమలు దాటే బూట్లు తెచ్చుకో, తోటలో పాములుంటాయి. పాములు లేవని పాస్టరుగారు చెప్పినా తెచ్చుకో.

మీ తాతయ్య